మంబా ఇంటి ఆడపడుచు ఫిర్యాదు

కిబెంగో,
జూన్ 17

బులుంగు రేవు చిత్తడి నేల రక్షణ సంఘం అధ్యక్షులవారికి, గౌరవనీయులకి, టోపీ పెట్టుకున్నవారికి, అంటే నా తమ్ముడు మతియ కొడుకు గొంజాగాకి,

నీ మేనత్త నబ్బోసా చెబుతుంటే దర్జీ కాలిస్తి రాస్తున్న ఉత్తరం ఇది.

సభలో నేను నోరు తెరవగానే "ఫిర్యాదులు ఏవున్నా రాతపూర్వకంగా ఇవ్వాలి అత్తయ్యా" అన్నావు, వందమంది ముందు. నాకు అక్షరం ముక్క రాదని నీకు తెలుసు. నీ మొదటి పలక కొనిచ్చింది నేనే కాబట్టి ఇంకా బాగా తెలుసు. సరే, ఇదిగో రాత. కాలిస్తి కుట్టుమిషను ఆపుకుని మరీ రాస్తున్నాడు. నేనన్నది అన్నట్టు రాయకపోతే వాడి కత్తెర తీసుకెళ్ళి తంపర చిత్తడిలో పారేస్తానని చెప్పాను. అయ్యో, తంపరలోకి నేను వెళ్ళకూడదు కదూ. రోడ్డు మీద పారేస్తాను.

ఇక నా కేసు విను.

నా ఇంటి వెనక నుంచి మూడు మలుపులు తిరిగి పెద్దనీళ్ళలో కలిసే పాయ ఉంది. నేను కోడలిగా ఈ ఒడ్డుకి వచ్చిన ఏడాది నా మొగుడూ నేనూ తుంగ కోసి తీసిన దారి అది. ఆయన పోయాక ఒక్కదాన్నే కోస్తున్నాను. మొత్తం నలభై ఒక్క ఏళ్ళు. రెండు వానలు కొడవలి ఆపితే చాలు, తుంగ నీళ్ళని మూసేస్తుంది. ఆ తుంగతోనే చాపలు అల్లుకుని బతుకుతున్నాను. నీ ఆఫీసు గుమ్మంలో తెల్లోళ్ళు బూట్లు తుడుచుకునే చాప కూడా నాదే.

ఆ పాయలో మంబా చేపలుంటాయి. బురదలో పడుకుని, గాలి కోసం మనిషిలాగా పైకొచ్చి ఊపిరి తీసుకుని పోతాయి. మనం మంబా వంశం వాళ్ళం. మన ఇళ్ళలో ఎవరూ దాన్ని తినరు, పట్టరు, పట్టేవాణ్ణి చూస్తూ ఊరుకోరు. నేనున్నంతకాలం ఆ పాయలో గాలం పడలేదు. అందుకే అక్కడ మంబాలున్నాయి. మంబాలున్నాయి కాబట్టే బుల్వే వస్తుంది, నీ బోర్డు మీద బొమ్మ వేయించావే, ఆ బూటు ముక్కు కొంగ. పొద్దుట నిలబడ్డ చోటే మధ్యాహ్నం దాకా నిలబడి ఉంటుంది, ఆఫీసులో నీలాగే. తేడా ఏమిటంటే ఆఖరికి అది ఏదో ఒక పని చేస్తుంది.

ఈ నెల తొమ్మిదో తారీకున నేను మూడో మలుపు దగ్గర తుంగ కోసుకుంటున్నాను. నీ దోనెలు రెండు వచ్చాయి, ఆరుగురు తెల్లోళ్ళతో. ముందు దోనెలో నువ్వు. బుల్వే మంబాని పట్టింది. తెల్లోళ్ళు సంతోషం పట్టలేక చేతులతో నోళ్ళు నొక్కుకున్నారు. నేను తెడ్డుతో నీళ్ళమీద ఒక్కటిచ్చి అరిచాను: "సిగ్గు లేదా నీకు? తిండి కోసం ఇంటివాళ్ళనే మింగుతావా?" పక్షి లేచిపోయింది.

దానికి తెల్లోళ్ళు మీ ఆఫీసులో అతిథులు రాసే పుస్తకంలో "ఒక క్రూరమైన ముసలిది అరుదైన పక్షి మీద దాడి చేసింది" అని రాశారట. సభలో నువ్వు అది మన భాషలోకి మార్చి చదివావు. చాలా బాగా మార్చావు, ఇంకా రెండు మూడు తిట్లు తోడైనట్టున్నాయి. వెంటనే తీర్మానం: నబ్బోసా తంపరలో అడుగుపెట్టకూడదు. నా దోనెకి గొలుసు వేసి నీ రేవులో కట్టేశారు. ఆ మాటలు నేను ఎవర్ని అన్నానో మాత్రం ఒక్కరూ అడగలేదు.

నా దోనె నాకియ్యి. నా పాయ నాకియ్యి. ఇదే నా ఫిర్యాదు.

ఇంకొకటి. ఆ రోజు మూడో మలుపు నీళ్ళలో నాకొక వస్తువు దొరికింది. తెచ్చి ఇంటి చూరులో దోపాను. అదేమిటో కాలిస్తికి కూడా చెప్పలేదు. చెప్పమంటావా, వద్దంటావా, నువ్వే రాయి.

నా పొయ్యి పొగ నీ ఆఫీసు కిటికీలోంచి కనబడుతుంది. దోనె మీద అరగంట దూరం. నీ గొలుసు పుణ్యమా అని ఈ ఉత్తరం మోటారు సైకిలెక్కి తంపర చుట్టూ సగం రోజు తిరిగి వస్తుంది. దుమ్ము దులుపుకుని చదువు.

వేలిముద్ర, నబ్బోసా


బులుంగు రేవు,
జూన్ 26

విషయం: తుంగ కోతదారు శ్రీమతి నబ్బోసాగారి ఫిర్యాదు.

గౌరవనీయులైన అత్తయ్యగారికి,

తమరి ఫిర్యాదు అందినది. కార్యవర్గము కూర్చుని దానిని శ్రద్ధతో పరిశీలించినది.

సంఘ నియమావళి నాలుగవ నిబంధన ప్రకారము పక్షులను బెదరించుట, తరుముట, వాటి సమీపమున కేకలు వేయుట నిషిద్ధము. ఈ నిబంధనను తమరు కూడ సభలో చెయ్యెత్తి ఆమోదించియున్నారు. కావున నిషేధము ఎత్తివేయుటకు వీలుపడదని తెలియజేయుటకు చింతించుచున్నాము.

ఈ పక్షిని చూచుటకు అతిథులు సముద్రములు దాటి వచ్చుచున్నారు. వారి రాకవలననే బడికి పైకప్పు, కిబెంగోకు చేతిపంపు వచ్చిన సంగతి తమరికి తెలియనిది కాదు. తమరు నీళ్ళు పట్టుకొనుచున్నది ఆ పంపునుండియే.

తుంగ దొరకనందున తమరికి కలిగిన ఇబ్బందిని కార్యవర్గము గుర్తించినది. తమరు అరటి నారతో బుట్టలు అల్లుకొనవచ్చునని సూచించుచున్నది. శిక్షణ కూడ ఏర్పాటు చేయగలము.

ఇట్లు,
ముబిరు గొంజాగా, అధ్యక్షుడు

అత్తా, ఇంకో మాట. నీళ్ళలో చెత్తా చెదారం ఎన్నో కొట్టుకొస్తుంటాయి. అవన్నీ చూరులో దాచుకుంటే ఎలా? ఆ వస్తువేదో ఉత్తరం తెచ్చే మనిషికిచ్చి పంపించెయ్యి. ఎవరికీ చూపించక్కర్లేదు.


కిబెంగో,
జులై 8

అధ్యక్షులవారికి,

నీ ఉత్తరం కాలిస్తి రెండుసార్లు చదివాడు. మొదటిసారి అర్థం కాక, రెండోసారి నవ్వు ఆపుకోలేక. "ఇది మీ మేనల్లుడు రాశాడా, కోర్టు రాసిందా అమ్మా?" అని అడిగాడు. చిన్నప్పుడు జ్వరమొస్తే నా వీపు మీద తప్ప పడుకోనని ఏడ్చినవాడే రాశాడని చెప్పాను.

అరటినార బుట్టలు అల్లుకోమన్నావు. ఎంత దయరా నీకు! డెబ్భై ఏళ్ళు దాటిన దానికి శిక్షణ కూడా ఇప్పిస్తావా? అలాగే ఆ బుల్వేకి కూడా చేప మానేసి మటోకె తినడం నేర్పించు. ఉడికించిన అరటికాయ ముద్ద దాని ముక్కులో బాగా పడుతుంది. తెల్లోళ్ళు ఇంకా ఎక్కువమంది వస్తారు.

చేతిపంపు సంగతి గుర్తు చేశావు, సంతోషం. నిలబెట్టిన ఏడాది నీళ్ళిచ్చింది. ఇప్పుడు గాలి ఇస్తోంది. ఆ గాలి కూడా నీ సంఘం పేరు చెప్పుకునే పట్టుకుంటున్నాం, బెంగపడకు.

చెయ్యెత్తి ఒప్పుకున్నానన్నావు. నిజమే, ఎత్తాను. పక్షుల్ని చంపకూడదంటే ఎత్తాను, గుడ్లు తియ్యకూడదంటే ఎత్తాను, వల వెయ్యకూడదంటే రెండు చేతులూ ఎత్తాను. మూడో మలుపులో ఏం జరిగినా నోరు మూసుకోవాలి అన్నప్పుడు ఎత్తమంటే ఎత్తేదాన్ని కాదు. అది చదివినట్టు గుర్తు లేదు.

ఇంటి వెనక చెదపుట్ట ఉంది కదా, రోజూ పొద్దున దాని మీదికెక్కి కూర్చుంటున్నాను. పుట్ట మీద కూర్చోకూడదని మీ నిబంధనల్లో లేదు, కాలిస్తి చూసి చెప్పాడు. అక్కడ నుంచి నా పాయ కనిపిస్తుంది. ఏం కనిపించిందో చెబుతాను. పొద్దెక్కగానే చేపలు పట్టే లుగోలోబి, వాడి వెనక ఇద్దరు, గాలాల బుట్టలతో నా పాయలోకి వెళ్తున్నారు. దాక్కుని కాదురా, పాడుకుంటూ వెళ్తున్నారు. తిరిగొచ్చేటప్పుడు పాట ఉండదు, బుట్ట బరువుగా ఉంటుంది. వాళ్ళది మన వంశం కాదు, మంబాని తింటారు, వాళ్ళ కడుపు వాళ్ళిష్టం. అయితే నా పాయలోకి దారెవరిచ్చారు? అరిచే ముసలిదానికి నిషేధం ఉంది కానీ, చేపల్ని మోసుకుపోయేవాళ్ళకి లేదా? నిబంధన ఎన్నోది అది?

నీ ఉత్తరం చివర చిన్న ముక్క ఉందట. పైన రాసిందంతా ముత్యాల్లా ఉందనీ, ఆ ముక్క మాత్రం గీతమీద నిలబడలేక జారిపోతోందనీ కాలిస్తి అన్నాడు. నీళ్ళలో దొరికిన చెత్తకి అంత వణుకెందుకురా నీకు? చెత్త మోయడానికి బులుంగు నుంచి బండి పంపిస్తావా?

వస్తువు చూరులోనే ఉంది.

వేలిముద్ర, నబ్బోసా


బులుంగు రేవు,
సెప్టెంబరు 3

అత్తయ్యకి,

ఎలా ఉన్నావు? మోకాళ్ళ నొప్పి తగ్గిందా? ఇన్నాళ్ళు జవాబు రాయలేదని కోపంగా ఉండి ఉంటావు. సంఘం పనులు ఊపిరి తిప్పుకోనివ్వడం లేదు.

అసలు విషయం చెబుతాను. బుల్వే కనిపించి పందొమ్మిది రోజులైంది. మా గైడ్లు తెల్లవారి వెళ్ళి ఎండ నెత్తికెక్కేదాకా వెతుకుతున్నారు. అతిథులకి లకుముకి పిట్టల్నీ, ఆకుల మీద నడిచే పొడుగు వేళ్ళ పిట్టల్నీ చూపిస్తున్నాం. వాళ్ళు "చాలా బాగుంది" అని దుర్భిణులు పెట్టెల్లో పెట్టేసుకుంటున్నారు. నిన్న ఒకాయన, పెద్దాయన, ఇరవై ఏళ్ళ నుంచీ ఈ పక్షిని చూడాలని ఉందట, రెండు రోజులు దోనెలో కూర్చుని, నా చెయ్యి ఊపి థాంక్స్ చెప్పి వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది.

నీ పాయలోకి మూడో మలుపు దాకా కూడా దోనె వెళ్ళడం లేదు అత్తా. తుంగ రెండు వైపుల నుంచీ కలిసిపోయింది.

అధ్యక్షుడిగా కాదు, ఇంటి పిల్లాడిలా అడుగుతున్నాను. అది ఎక్కడికి వెళ్ళి ఉంటుంది? నీకు తప్పకుండా తెలిసి ఉంటుంది.

నీ మేనల్లుడు,
గొంజాగా


కిబెంగో,
సెప్టెంబరు 12

గొంజాగాకి,

అబ్బ, మోకాళ్ళ నొప్పి గుర్తొచ్చిందే నీకు! పక్షి ఎగిరిపోతే గానీ అత్త మోకాళ్ళు కనబడలేదన్నమాట. అది ఇంకో నెల రాకపోతే నా పంటి నొప్పి కూడా అడుగుతావేమో.

దుర్భిణులు నీ దగ్గరున్నాయి. పక్షి పుస్తకాలు నీ దగ్గరున్నాయి. చొక్కా మీద బొమ్మ కుట్టించుకున్న గైడ్లు ఎనిమిదిమంది ఉన్నారు. ఆ బొమ్మలు కుట్టింది కాలిస్తే, ముక్కు వంకరగా వచ్చిందని ఇప్పటికీ బాధపడుతుంటాడు. ఇంతమంది ఉండి, వెలేసిన ముసలిదాన్ని అడుగుతున్నావా పక్షి ఎక్కడని? నేను క్రూరురాలిని కదరా. అరుదైన పక్షి అడ్రసు నాకు చెప్పి వెళ్తుందా?

చేపలున్న చోటికి వెళ్ళింది. అంతకన్నా నాకేం తెలియదు. తెలిసినా నీకు చెప్పను.

ఇప్పుడు చూరులో ఉన్నదేమిటో రాయిస్తున్నాను. కాలిస్తిని తలుపు వేసి రమ్మన్నాను.

తాడు. బారెడు నైలాను తాడు, నీలం రంగుది, నీ దోనెల్లో తెల్లోళ్ళకి కట్టే లైఫ్ జాకెట్ల నుంచి ఊడదీసిన తాడు. ఒక కొస తుంగ మొదట్లో పాతిన కర్రకి ముడేసి ఉంది. రెండో కొస మంబా పెదవిలోంచి దూర్చి కట్టి ఉంది. చేప చచ్చింది కాదు. ప్రాణంతో ఉంది. ఊపిరికి పైకి రావాలి, వచ్చినప్పుడల్లా తాడు లాగుతుంది, దగ్గర్లో బుల్వే నిలబడి ఉంటుంది. తెల్లోళ్ళ దోనెలకి ఎదురుగా, ఫోటోకి చక్కగా వెలుతురు పడే చోట.

మీ దోనెలు వెళ్ళాక చేపని విప్పి వదిలి, కర్ర దగ్గర ముడి చూశాను. రెండు చుట్లు తిప్పి, కొస లోపలికి దోపిన ముడి. ఆ ముడి మీ నాన్న ఒక్కడే వేసేవాడు, నీకు ఒక్కడికే నేర్పాడు.

కాలిస్తి కలం ఆగిపోయింది. రాయరా అన్నాను. వాడిది మిడతల వంశం, మన చేపతో వాడికి సంబంధం లేదు. అయినా చెమట తుడుచుకుంటున్నాడు.

ఆ రోజు నేను అరిచింది పక్షి మీద కాదురా, వెర్రినాగన్నా. పక్షి చేపని ఎత్తగానే నేనున్న వైపు నీ దోనెల తాడు నీళ్ళమీదికి లేచింది, అది చూసి అరిచాను. "ఇంటివాళ్ళనే మింగుతావా" అన్నాను. మంబా ఆ పక్షికి ఇంటివాడెలా అవుతాడు? అదేమన్నా మన వంశంలో పుట్టిందా? పక్షి వేటాడి తింటుంది, నేను తుంగ కోసుకున్నట్టే. అది దాని పని. నేను నిన్ను అన్నాను. ముందు దోనెలో టోపీ పెట్టుకుని కూర్చున్నావు, నీ మొహంలోకి చూసి అన్నాను. మధ్యలో పక్షి ఉంది, పాపం, తన మీదే అనుకుని లేచిపోయింది. తెల్లోళ్ళు పక్షి మీదే అనుకుని పుస్తకంలో రాశారు. నువ్వొక్కడివే సరిగ్గా అర్థం చేసుకున్నావు. అందుకే నాకు నిషేధం.

మూడు నెలలు ఎందుకు దాచానో కూడా విను. మంబా వంశం వాడు మంబాని కట్టేసి ఎర వేశాడని తెలిస్తే వంశపెద్ద నీ గడప తొక్కడు. రేపు నీ పిల్లల పిల్లలకి మన పేర్లు పెట్టనివ్వరేమోనని భయపడ్డాను. మతియ పేరు నీతో ఆగిపోతుందేమోనని దాచాను. నీ మీద ప్రేమతో అనుకుని ఉబ్బిపోకు.

వేలిముద్ర, నబ్బోసా


బులుంగు రేవు,
సెప్టెంబరు 20

అత్తా,

ఇది ఆఫీసు కాగితం మీద రాయబుద్ధి కాలేదు. మా అమ్మాయి నోటుపుస్తకంలో కాగితం చింపాను. కాలిస్తి చదువుతాడని తెలుసు. చదవనీ.

మార్చిలో మొదలైంది. వరసగా పన్నెండు రోజులు పక్షి దూరంగానే ఉండిపోయింది. అతిథులు అంత దూరం నుంచి వచ్చి బూడిదరంగు చుక్క చూసి వెళ్తున్నారు. కార్యవర్గం నన్ను తినేస్తోంది: "బడి రెండో గదికి కప్పు ఎప్పుడు? కిబెంగో పంపు బాగుచేయించేదెప్పుడు?" నీ పంపే అత్తా. లుగోలోబి దగ్గర చచ్చిన చేప ఒకటి తీసుకుని ఒడ్డున పెట్టాను. బుల్వే దానివైపు చూడనైనా చూడలేదు. అప్పుడు ప్రాణమున్నది తీసుకున్నాను.

మొదటిసారి ముడి మూడుసార్లు వేసి విప్పాను. అబద్ధమెందుకు, రెండోసారి ఒక్కసారికే పడింది. పదకొండు సార్లు కట్టాను. పదకొండు సార్లూ పక్షి పది బారల దూరంలో నిలబడింది. అతిథులు ఏడ్చారు అత్తా, సంతోషంతో. ఒకావిడ నన్ను కౌగలించుకుని "మీవాళ్ళకి ప్రకృతి అంటే ఎంత గౌరవం!" అంది. అప్పుడు నవ్వాను.

తర్వాత లుగోలోబి అడ్డం తిరిగాడు. "చేప కావాలంటే ముసలిదాని పాయలో గాలం వెయ్యనివ్వు, లేకపోతే సభలో చెబుతా" అన్నాడు. నువ్వు అక్కడుంటే ఎలా వెయ్యనిస్తావు? ఏదో ఒక వంకతో నిన్ను తప్పించాలి. అంతలో నువ్వే అరిచావు, అతిథులు పుస్తకంలో రాశారు. వంక వెతుక్కునే పని కూడా లేకపోయింది.

ఇప్పుడు పాయలో చేపలూ లేవు, పక్షీ లేదు.

నువ్వు సరేనంటే చాలు, శనివారం మధ్యాహ్నాలు రేవులో ఎవరూ ఉండరు. గొలుసు తీసి నీ దోనె నేనే తోసుకొస్తాను. నిషేధం సంగతి ఎవరూ ఎత్తరు, మెల్లగా మర్చిపోతారు. ఆ తాడు పొయ్యిలో వేసెయ్యి అత్తా. నీ కాళ్ళు పట్టుకుంటాను.

గొంజాగా


కిబెంగో,
సెప్టెంబరు 27

గొంజాగాకి,

ఉత్తరం విన్నాను. కాలిస్తి చదువుతుంటే మధ్యలో రెండుసార్లు ఆపమన్నాను. చెవులు నొప్పెట్టి, ఇంకేం కాదు.

పంపు నా కోసమే కట్టావన్నమాట. మంబాని కట్టింది కూడా నా దాహం కోసమే. ఎంత బాగా కుదిరిందిరా! ఇంకాసేపు ఆలోచిస్తే ఆ చేప పెదవి నేనే కుట్టానని కూడా తేలుతుంది.

శనివారం మధ్యాహ్నం, ఎవరూ లేనప్పుడు గొలుసు తీస్తావా? దొంగ దూడని తోలుకొచ్చినట్టు నా దోనె నాకు తెచ్చిస్తావా? వెలేసేటప్పుడు వందమంది కావలసి వచ్చారు. పుస్తకం తెరిచి చదివావు, తీర్మానం రాసుకున్నారు, చేతులెత్తారు, నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. మేరీ మ్పూలా నా పక్కన కూర్చున్నది లేచి వెళ్ళి అవతల కూర్చుంది, నలభై ఏళ్ళ స్నేహితురాలు. ఆ మేరీకి "మెల్లగా మర్చిపోతారు" అని ఎవరు చెబుతారు?

గుట్టుగా ఇస్తే నా పాయ నాకు అక్కర్లేదు. చెదపుట్ట మీద కూర్చుని చస్తాను.

వందమంది ముందు వేసిన గొలుసు వందమంది ముందు తియ్యి. ఎందుకు వేశావో చెప్పి తియ్యి. నేను చెప్పను. నా నోటితో నిన్ను చెడగొడితే రేపు పైన మతియ మొహం చూడలేను. చెప్పవలసింది నువ్వు. వంశపెద్ద ఉండగా చెప్పాలి.

తాడు పొయ్యిలో వెయ్యలేదు. నైలాను కాలితే కంపు.

వేలిముద్ర, నబ్బోసా


బులుంగు రేవు,
అక్టోబరు 15

అత్తా,

అయిపోయింది. నిన్న సభ పెట్టించాను. వంశపెద్దని బండి మీద పిలిపించాను. నువ్వు రాలేదు. రేవులో కూడా అడుగుపెట్టకూడదని నేనే రాశాను కదా.

లేచి నిలబడి చెప్పాను. రాసుకెళ్ళిన కాగితం తియ్యలేదు. మొదట ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత వెనక నుంచి ఒకడు అడిగాడు, "కట్టేశావా? ప్రాణమున్నదాన్ని?" కట్టేశానన్నాను. "మంబా ఇంటివాడివి, నీ చేత్తో?" నా చేత్తో అన్నాను.

లుగోలోబి లేచి "నాదేం తప్పు? అధ్యక్షుడు దారి చూపించాడు, నేను గాలం వేశాను" అన్నాడు. మేరీ మ్పూలా "కూర్చోరా గాలం మొహమా, నీ వంతు వస్తుంది" అని అరిచింది. వచ్చింది కూడా. వాడి గాలాలు సంఘం తీసుకుంది.

నన్ను అధ్యక్ష పదవి నుంచి తీసేశారు. చేతులు లెక్కపెట్టక్కర్లేకపోయింది. వంశపెద్ద లేచి నా ముందుకొచ్చి, "పిల్లల పేర్ల జోలికి నేను రాను. తప్పు వాళ్ళది కాదు. నువ్వు మాత్రం ఏడాది దాకా మన కూటాల్లో గుమ్మం బయట కూర్చుంటావు. లోపలి మాటలు వినబడతాయి, మాట్లాడకూడదు" అన్నాడు. అంతకన్నా తిట్టి కొట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

తర్వాత అందరూ రేవుకి నడిచారు. తాళం తియ్యబోతే తుప్పు పట్టి తిరగలేదు. వందమంది చూస్తుండగా రాయితో కొట్టాను. ఆరు దెబ్బలకి ఊడింది. ఎవరో "ఏడోది వాడి నెత్తిమీద వెయ్యండి" అన్నారు. కొందరు నవ్వారు. ఆ నవ్వుకి ప్రాణం లేచొచ్చింది అత్తా, ఎందుకో తెలియదు.

నిషేధం ఎత్తేశామని కొత్త కార్యవర్గం తీర్మానం రాసింది. ఆ పాయలో తుంగ కొయ్యడం నీ హక్కనీ, మంబా మీద గాలం వెయ్యడం ఎవరికీ కుదరదనీ రాశారు. దోనె నేను తెస్తానన్నాను. "నువ్వు దాన్ని ముట్టుకోకు" అని మేరీ తోసేసింది. పాయ మూసుకుంది కాబట్టి ఆవిడే ఒడ్డు వెంట చుట్టూ తిప్పి తోసుకొస్తోంది, ఈ ఉత్తరం కూడా ఆవిడ ఒళ్ళోనే ఉంది. ఈసారి దుమ్ము ఉండదు.

పక్షి ఇంకా రాలేదు. అతిథులు రావడం మానేశారు. గైడ్లు తోటపనికి పోతున్నారు. నా మీద కోపం వాళ్ళకి అందుకే ఎక్కువ, చేప కన్నా.

ఇంకేం అడగను.

గొంజాగా


కిబెంగో,
నవంబరు 4

ఒరేయ్ గొంజాగా,

దోనె అందింది. మేరీ కూడా అందింది. మూడు రోజులు ఉండి, నా మటోకె అంతా తిని, క్షమాపణ అడక్కుండా, అడిగినట్టు మొహం పెట్టుకుని వెళ్ళింది. నేనూ క్షమించినట్టు మొహం పెట్టాను. ఇద్దరికీ సరిపోయింది.

నువ్వు సభలో ఏం చెప్పావో ఆవిడ పూసగుచ్చినట్టు చెప్పింది. నీ ఉత్తరంలో కన్నా బాగా చెప్పావట. "గొంతు ఎక్కడా తగ్గించలేదు వాడు" అంది. సరే. ఎక్కడ నేర్చుకున్నావో ఏమో.

పాయలో దిగాను. ఐదు నెలలకి తుంగ నా తలమీదికి వచ్చింది. వేళ్ళు ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని, దోనె ముక్కు పెడితే పరుపులో పెట్టినట్టు ఆగిపోతోంది. పన్నెండు రోజులు కోస్తే మొదటి మలుపు దాటాను. కుడి భుజం పైకి లేవనంటోంది. పాపం దానికి కూడా ఎవరో శిక్షణ ఇప్పించాలి.

పక్షి రాలేదు. ఎప్పుడొస్తుందో నన్ను అడక్కు, మీ గైడ్లని కూడా అడగొద్దని చెప్పు. మూడో మలుపు దాకా నీళ్ళు తెరుచుకోవాలి. చేపలు పిల్లలు పెట్టాలి, పెరగాలి. దాన్ని తొందరపెట్టే హక్కు ఎవరికీ లేదు. గైడ్లు తోటపని చేస్తే చెయ్యనీ, చేతులు కాయలు కాస్తే తెడ్డు జారదు.

నువ్విప్పుడు ఖాళీగా ఉన్నావు. కూటాల్లో మాట్లాడే పని కూడా లేదు. నా దగ్గర రెండో కొడవలి ఉంది, మీ మావయ్యది. సాన పట్టించి ఉంచాను. సోమవారం వచ్చెయ్యి. టోపీ వద్దు, తుంగలో ఊడిపోతుంది. జీతం లేదు, భోజనం ఉంది, తిట్లు ఉన్నాయి. మూడో మలుపు చేరేదాకా ఉండాలి. మూడు నెలలు పట్టొచ్చు, నీ చేతులు చూస్తే ఆరు అనుకోవచ్చు.

నిన్న పొద్దుట మొదటి మలుపు దాటి కోసిన కొత్త నీళ్ళ పక్కన కూర్చుని నడుం చాపాను. నీళ్ళు మెల్లగా కదిలాయి. ఒక మంబా, చెయ్యంత ఉంటుంది, తల పైకి పెట్టి గుబుక్కున ఊపిరి తీసుకుంది. నా వైపు చూసింది. పలకరించలేదు, ఏం లేదు, గిర్రున తిరిగి బురదలోకి పోయింది. మనవాళ్ళందరూ అంతే.

నువ్వైనా వచ్చేటప్పుడు పలకరించి నీళ్ళలోకి దిగు.

వేలిముద్ర,
మీ అత్త నబ్బోసా